కొక్కెం కింద చుక్కలు

దరఖాస్తు టైపు చేసింది నేనే,
స్ట్రామ్‌నెస్ బడి ఆఫీసులో, హీటరు పాడైన వారం.
పేరు: ఎర్లెండ్ ఫ్లెట్. వయసు: యాభై రెండు.
ఇప్పటిదాకా నేర్పింది: వడ్రంగం.
ఇకమీద నేర్పబోయేది?
అక్కడ ఆగి నా వంక చూశాడు.
"చూపులేని పిల్లలకు చదువు" అన్నాను.
"అంత మాటకు ఇంత గడా?
కొలత తీసుకోకుండా కోసినట్టున్నారు" అన్నాడు.

చెట్లు లేని దీవి మాది.
మొలక తలెత్తకముందే గాలి మెడ వంచేస్తుంది.
మొక్కై వంగనిది మానై వంగదంటారు గానీ
మానన్నదే ఎరగని చోట
ఆ సంగతి ఎవరు తేల్చాలి?
పలక పలకా ఓడలో తెప్పించుకుని
ముప్పై ఏళ్లు
పిల్లలకు చెక్క వాసన పరిచయం చేశాడతను.
ఇప్పుడు రంపం మిషన్ అమ్మేశారు.
బల్లలు లేచిన చోట
నేల మీద లేత రంగు నలుచదరాలు.

ఫీజు కౌన్సిల్ కడుతుంది, రెండేళ్లు.
చదువయ్యాక మూడేళ్లు ఇక్కడే పనిచేయాలి,
మధ్యలో వదిలేస్తే పైసాతో సహా తిరిగి కట్టాలి.
పుట్టిన వీధి దాటని మనిషి
ఆ షరతు రెండుసార్లు చదువుకుని
"నేను పారిపోగలనని నమ్ముతున్నారే!" అని
మురిసిపోయి సంతకం పెట్టాడు.

నాలుగు వారాంతాలు ఎడింబరాలో.
పడవ టికెట్లు, రైలు టికెట్లు
ఉప్పు మరకలతో నా సొరుగులోకి చేరేవి.
తుఫానుకు పడవ ఆగిన రాత్రి హోటల్ ఖర్చు
ఏ నిబంధనలోనూ లేదు.
మొదటి వ్యాసానికి ముప్పై ఎనిమిది మార్కులు.
మూడు వేల పదాలు అడిగితే
ఒకటిన్నర పేజీ ఇచ్చాడు.
వడ్రంగి వాక్యాలు మరి,
ఒక్క మేకు అదనంగా ఉండదు.
రెండోదానికి నేను పక్కన కూర్చుని
"ఇంకా?" అంటూ పోయాను.
"ఇంకా?"
తలుపు బిగించాక ఇంకేముంటుందని
అతను నిజంగానే అడిగాడు.

బ్రెయిలీ చెప్పే అమ్మాయికి అతని వయసులో సగం.
"మీరు కళ్లతో చదివితే చాలు,
పరీక్షకు అంతకుమించి అక్కర్లేదు" అందట.
కళ్లతో చదవడానికైతే
నేనెందుకు, అద్దం చాలదా అని గొణుక్కుంటూ వచ్చాడు.
రాత్రిళ్లు దీపం ఆర్పి కాగితం తడిమేవాడు.
ఉలి పట్టిన వేళ్లు, కాయ కాసిన వేళ్లు,
గరుకు కాగితం నంబరు గోటితో చెప్పేసే వేళ్లు
ఆ చిన్ని చుక్కల ముందు
చెవిటివాళ్లలా నిలబడ్డాయి.
ఒడ్డున దొరికిన బెజ్జాల రాయితో
పొద్దున్నే చర్మం అరగదీసుకునేవాడు.
గొర్రె బొచ్చు కొవ్వు పూసి
చేతి తొడుగులతో పడుకునేవాడని
వాళ్లావిడ రొట్టెల కొట్టులో చెప్పి నవ్వింది,
నవ్వి ఎందుకో ఊరుకుంది.
ముప్పై ఏళ్ల కండ గట్టిదనాన్ని
పొర పొరగా ఇచ్చేస్తే
ఆరో వారానికి ఒక్క చుక్క తగిలింది.
బియ్యంలో రాయిలా, అన్నాడు.

ఆగస్టులో ఇంగా ఇస్‌బిస్టర్ వచ్చింది.
ఏడేళ్లు. పసుపు రబ్బరు బూట్లు.
అప్పటికే ఎర్లెండ్
తన కోటు తగిలించే కొక్కెం కింద
తన పేరు మొదటి అక్షరం సొంతంగా పొడిచి అతికించాడు.
కుడి నుంచి ఎడమకు, తిరగేసి పొడవాలి;
ఆ సంబరంలో తిరగేయడం మరిచాడు.
రెండే చుక్కలు, ఏటవాలుగా.
ఇటు వాలితే ఎర్లెండ్.
అటు వాలితే ఇంగా.

పిల్ల గోడ తడుముకుంటూ వచ్చి ఆగింది.
వేలు ఒక్కసారి ఆనించింది, అంతే.
"ఇది నాది" అంది.
మునివేళ్ల మీద నిక్కి
తడి కోటు తగిలించేసింది.

అతను నోరు తెరిచాడు. మూశాడు.
తన కోటు చంకన పెట్టుకుని
నా ఆఫీసు కుర్చీ మీద వేశాడు,
మధ్యాహ్నం దాకా అది అక్కడే ఉంది.

ఆ నెల బిల్లుల్లో
ఇత్తడి కొక్కెం ఒకటి, మరమేకులు రెండు.
ఏ పద్దు కింద వేయాలో తెలియలేదు.
శిక్షణ అని రాశాను.